మగపిల్లలకు స్కూల్లో తరగతులు పెడితే భాగస్వామిని కొట్టడం, హెచ్‌ఐవీ ముప్పు తగ్గుతాయా?

కొట్టడం, బెదిరించడం తగ్గించగలవు. హెచ్‌ఐవీకి మాత్రం తరగతులొక్కటే చాలవు. దక్షిణాఫ్రికాలో చర్చలు, నాటికలతో సాగే 'స్టెపింగ్ స్టోన్స్' కార్యక్రమాన్ని దాదాపు 50 గంటలు నడిపి పరీక్షించారు (ఫలితాలు 2008లో వచ్చాయి). రెండేళ్లకు యువకుల్లో హింస తగ్గింది, హెర్పిస్ (లైంగికంగా సోకే మరో వైరస్) కొత్తగా సోకడం మూడో వంతు తగ్గింది. హెచ్‌ఐవీలో స్పష్టమైన తేడా కనపడలేదు.

హింసకూ హెచ్‌ఐవీకీ లింకేమిటంటే, దెబ్బలకు భయపడే అమ్మాయి కండోమ్ మాట ఎత్తలేదు. బలవంతపు కలయికలో గాయాలవుతాయి, వైరస్‌కు దారి సులువవుతుంది.

విశాఖ గాజువాకలో ఇంటర్ కుర్రాళ్లతో చేయాలనుకోండి. 'బీచ్‌కి ఎవరితో వెళ్లావ్? ఫోన్ లాక్ తియ్' అనే సీన్ ఇద్దరితో ఆడించాలి. చెయ్యి లేచే ముందే ఆపి, పాత్రలు మార్చి మళ్లీ ఆడించాలి. ఇప్పుడు అడిగించుకునేవాడికి ఎలా ఉందో వాడే చెప్పాలి. అసలు పని ఇక్కడే జరుగుతుంది. మార్కులు వేసే మాస్టారు నడిపితే ఎవడూ నోరు విప్పడు. బయటి శిక్షకుడు మేలు. ఒక్క గంట ఉపన్యాసం ఇచ్చి ఫొటో దిగితే, షరా మామూలే.

కండోమ్ గురించి చెబితే పిల్లలు చెడిపోతారన్నది అపోహ. అలాంటి పాఠాల వల్ల లైంగిక అనుభవం ముందుగా మొదలవదని చాలా దేశాల్లో తేలింది. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. హెచ్‌ఐవీ పరీక్ష విశాఖలోని కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలో ఉన్న ఐసీటీసీలో (సలహా, పరీక్షల కేంద్రం) చేస్తారు.