పర్డ్యూ జట్టును ఎలా చూడాలి: అమ్మలుకు పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

మీ పర్డ్యూ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు బలాలూ బలహీనతలూ రాసి నువ్వు పంపిన పేజీ రెండుసార్లు చదివాను. బలాల కింద తొమ్మిది లైన్లు రాశావు. బలహీనతల కింద ఒక్కటే లైను: "ఒక్కోసారి లక్ కలిసిరాదు." చదువుకోసం ఇండియానాలోని వెస్ట్ లఫాయెట్‌లో దిగి మూడు నెలలు కాలేదు, అప్పుడే పర్డ్యూ జట్టు నీకు "మనవాళ్ళు" అయిపోయింది. అది చూసి నాకెంత సంతోషమేసిందో మీ నాన్నకి కూడా ఫోన్ చేసి చెప్పాను. కానీ ఆ ఒక్క లైను మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు, నిజమే. అయితే ఆ పిల్లకు జ్వరమొచ్చిందో లేదో ముందు తెలుసుకోవలసింది కూడా ఆ కాకే.

మీ రూమ్మేట్ల ముందు ఈ ఏటి జట్టు ఎలా ఉందో నువ్వు చెప్పాలట కదా. ఈ ఏడు ఆడేవాళ్ళ గురించి నేను చెప్పను, నువ్వే చూసి చెప్పాలి. ఎలా చూడాలో మాత్రం చెప్తాను. ముప్పై ఏళ్ళకు పైగా ఈ జట్టు వెనకాల తిరిగి నేర్చుకున్నది ఒక్కటే. ఒక జట్టు బలం ఏదో కనిపెట్టాక, ఆ బలం కోసం వాళ్ళు దేన్ని వదులుకున్నారో వెతకాలి. బలహీనత ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఇంకెక్కడో ఉండదు.

నేను మొదటిసారి ఈ పాఠం నేర్చుకున్నది 1994లో. అప్పుడు నేనూ నీలాగే ఎమ్మెస్ మొదటి ఏడు. మన గ్లెన్ రాబిన్‌సన్ ఆ ఏడాది ఆటకు 30 పాయింట్లకు పైగా కొట్టి దేశంలోనే మొదట నిలిచాడు. మార్చి టోర్నమెంటులో, అదే దేశంలోని కాలేజీ జట్లకు ఏటా జరిగే ఓడితే-ఇంటికే పోటీలో, కాన్సస్ మీద 44 కొట్టాడు. ఆ తర్వాతి ఆటలో డ్యూక్ వాళ్ళు తమ మేటి ఆటగాడు గ్రాంట్ హిల్‌ను అతని మీద పెట్టారు. రాబిన్‌సన్ 13 దగ్గర ఆగిపోయాడు, మనం 69-60తో ఓడిపోయాం. హాస్టల్ గదిలో అందరం నడుం నొప్పి వల్లే అనుకుని సరిపెట్టుకున్నాం. అతన్ని ఆపితే పాయింట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి అని మాలో ఒక్కరమూ అడగలేదు. ఏడాదంతా ఆ ప్రశ్న మా కళ్ళ ముందే ఉంది.

ఇక అసలు కథ 2023. ఇది వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ రాత్రి ఏం జరిగిందో అర్థమైతే నీకు సగం పని అయిపోయినట్టే.

జాక్ ఈడీ ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. టొరంటో కుర్రాడు, హైస్కూల్లో రెండో ఏడు వచ్చాకే బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. ఆ ఏడాది దేశంలోకెల్లా మేటి ఆటగాడిగా అవార్డు తెచ్చుకున్నాడు. మనం ఆడే బిగ్ టెన్ లీగూ గెలిచాం, లీగ్ టోర్నమెంటూ గెలిచాం, మార్చి టోర్నమెంటుకి నంబర్ వన్ సీడుగా వెళ్ళాం. సీడంటే బలాన్ని బట్టి 1 నుంచి 16 దాకా ఇచ్చే నంబరు. మొదటి ఆట న్యూజెర్సీ నుంచి వచ్చిన ఫెయిర్‌లీ డికిన్‌సన్‌తో. వాళ్ళది 16వ సీడు. కాలేజీ ఆటలో పై మెట్టైన డివిజన్ వన్‌లో అప్పుడున్న 363 జట్లలో సగటు ఎత్తు అందరికంటే తక్కువ వాళ్ళదే. రెండు రోజుల ముందు క్వాలిఫయింగ్ ఆట గెలిచి లోపలికొచ్చారు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అంటారు కదా, ఆ ధీమాతోనే టీవీ ముందు కూర్చున్నాను. ఆఫీసులో అందరికీ గెలుస్తామని చెప్పేసి వచ్చాను.

ఆట మొదలైన ఐదు నిమిషాలకే ఒక సంగతి కనిపించడం మొదలైంది. ఈడీ బుట్ట దగ్గర నిలబడి చెయ్యి పైకెత్తి బంతి అడుగుతాడు. అతని ముందు ఒకడు, వెనక ఒకడు. ఇద్దరూ అతని భుజం దాకా కూడా రారు. కానీ ముందున్నవాడు చేతులు చాపి నిలబడేసరికి, బంతి పట్టుకున్న మన గార్డు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణంలో మూడోవాడు వచ్చి మీద పడతాడు. ఇక చేసేదేముంది? బంతి మూలకు వెళ్తుంది. అక్కడ మనవాడు ఒంటరిగా నిలబడి ఉంటాడు, ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేశారు. త్రీ పాయింటర్, అంటే దూరం నుంచి మూడు పాయింట్ల షాటు, వేస్తాడు. రింగు తగిలి బయటపడుతుంది. మళ్ళీ అదే, మళ్ళీ అదే. ఆ రాత్రి 26 త్రీలు వేస్తే 5 మాత్రమే పడ్డాయి. 16 టర్నోవర్లు, అంటే షాటు వేయకుండానే బంతి పోగొట్టుకోవడం. అంత ఎత్తున్న ఈడీ 21 పాయింట్లు, 15 రీబౌండ్లు (పడని షాట్ల నుంచి అందుకున్న బంతులు) తెచ్చినా అతని చేతికి దొరికిన షాట్లు 11 మాత్రమే. 63-58. ఒకటో సీడు 16వ సీడు చేతిలో ఓడడం టోర్నమెంటు చరిత్రలో అది రెండోసారి. మొదటిది 2018లో వర్జీనియాది.

టీవీ కట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. మర్నాడు ఫోన్ చేసిన ప్రతివాడూ "బ్యాడ్ లక్ అండీ" అన్నాడు. నీ పేజీలో ఆ మాట చూడగానే గుండె కలుక్కుమన్నది అందుకే. లక్ అయితే ఒకసారి జరగాలి. 2021లో 13వ సీడు నార్త్ టెక్సస్ మనల్ని పంపించేసింది. 2022లో 15వ సీడు సెయింట్ పీటర్స్ 67-64తో పంపించేసింది. 2023లో ఈ 16. వరసగా మూడేళ్ళు పేరులేని జట్లే, మనకంటే పొట్టివాళ్ళే. పొడుగు మీద కట్టిన జట్టుకు బంతిని భద్రంగా ముందుకు తీసుకెళ్ళేవాళ్ళు కరువయ్యారు. 2023లో ఆ బరువంతా మోసింది బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, ఇద్దరూ ఫ్రెష్‌మన్ కుర్రాళ్ళు, కాలేజీలో మొదటి ఏడువాళ్ళు. సీజన్లో మనం గెలిచిన ఆటల్లోనూ అది కనిపించింది. గెలిచాం కాబట్టి నేను చూడలేదు.

అందుకని అమ్మలూ, ముందు గెలిచిన ఆటలు చూడటం తగ్గించు. ఓడిన ఆటలు, చచ్చీచెడీ రెండు పాయింట్లతో గట్టెక్కిన ఆటలు రికార్డు పెట్టుకుని చూడు. ఇరవై పాయింట్లతో గెలిచిన ఆట కళ్ళకు పండగే, కానీ దాని నుంచి నేర్చుకునేది తక్కువ.

చూసేటప్పుడు పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకో. నేను 2023 తర్వాత మొదలుపెట్టిన అలవాటిది. పేజీని నాలుగు గళ్ళు చెయ్యి: షాట్లు, టర్నోవర్లు, అఫెన్సివ్ రీబౌండ్లు, ఫ్రీ త్రోలు. ఇవి నా సొంత తెలివి కాదు, బాస్కెట్‌బాల్ లెక్కల్లో పెద్ద పేరున్న డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు. కాలేజీ ఆటలో ఒక్కో జట్టుకి బంతి సుమారు 65 నుంచి 70 సార్లు చేతికొస్తుంది. దాన్నే పొజెషన్ అంటారు. ఆ లెక్కన 16 టర్నోవర్లంటే దాదాపు నాలుగోవంతు సార్లు షాటు వేయకుండానే బంతి ఇచ్చేసినట్టు. ఇలా చూస్తే ఆటకు 80 పాయింట్లు కొట్టే జట్టు గొప్పా, 70 కొట్టే జట్టు గొప్పా అన్న వాదన కూడా తేలిపోతుంది. వేగంగా ఆడేవాళ్ళకు పొజెషన్లు ఎక్కువ, పాయింట్లూ ఎక్కువే. వంద పొజెషన్లకు ఎన్ని కొట్టారు, ఎన్ని ఇచ్చారు అన్నదే చూడు. కాలేజీ జట్లకు లెక్కలు కట్టే కెన్ పోమరాయ్ ర్యాంకింగులు ఆ లెక్క మీదే నడుస్తాయి.

షాట్ల గడిలో త్రీలను విడిగా రాయి. రెండు పాయింట్ల షాటు నూటికి యాభై పడటమూ, త్రీ నూటికి ముప్ఫై మూడు పడటమూ ఇంచుమించు ఒకటే విలువ. "నలభై శాతమే పడ్డాయి" అని టీవీలో అన్నప్పుడు అందులో త్రీలెన్ని అని చూడకుండా బాధపడకు.

అంకెలు సగమే చెప్తాయి. మిగతా సగం కోసం బంతిని చూడటం మానెయ్యి. మొదటి ఐదు నిమిషాలు బంతి లేని మనవాడొకణ్ణి ఎంచుకుని అతన్నే చూడు. అవతలివాళ్ళు అతన్ని పట్టించుకుంటున్నారా, ఖాళీగా వదిలేస్తున్నారా? ఎవర్ని వదిలేస్తున్నారో చూస్తే అవతలి కోచ్ మన జట్టు గురించి ఏమనుకుంటున్నాడో తెలిసిపోతుంది. ఆ కోచ్ మన ఆటలు పది చూసొచ్చి ఉంటాడు, అతని అంచనా మన అభిమానుల అంచనా కంటే గట్టిది. టీవీ సౌండ్ కట్టేస్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది.

మన సొంత స్టేడియం మ్యాకీ అరీనాలో జరిగే ఆటలకు ఎక్కువ విలువ ఇవ్వకు. సుమారు పధ్నాలుగు వేలకు పైగా జనం, ఆ గోపురం కింద అరుపులు, నీ చెవులు రెండు రోజులు మోగుతాయి. అక్కడ మన జట్టు ఎప్పుడూ పులే. ఇంట్లో పులి వీధిలో పిల్లి అవుతుందా అన్నది మన పాత ప్రత్యర్థి ఇండియానా యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్ లాంటి చోట్ల తేలుతుంది. మార్చి టోర్నమెంటు ఆటలేవీ మన ఇంట్లో జరగవు.

ఇప్పుడు 2024 చెప్పాలి, ఎందుకంటే అది బలహీనతను దిద్దుకున్న కథ. కోచ్ మ్యాట్ పెయింటర్ పిచ్చెక్కి జట్టంతా మార్చలేదు. అదే ఈడీ, అదే స్మిత్, అదే లోయర్. కొత్తగా సదరన్ ఇల్లినాయ్ నుంచి లాన్స్ జోన్స్ అనే చురుకైన గార్డును తెచ్చాడు. స్మిత్ ఒక ఏడు పెద్దవాడయ్యాడు, ఆటకు ఏడుకు పైగా అసిస్టులు (బుట్టలో పడే షాటుకు దారితీసే పాసులు) ఇచ్చాడు. త్రీలు నూటికి నలభై పైన పడ్డాయి. ఇప్పుడు ఈడీ మీద ఇద్దరు పడితే మూలనున్నవాడు శిక్ష వేస్తున్నాడు. టెనెసీ మీద ఈడీ 40 కొట్టి 72-66తో గెలిపించిన రోజు మీ పెద్దమ్మ కూడా లేచి నిలబడింది. 1980 తర్వాత మళ్ళీ ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్లలో ఒకటి. నాకు కళ్ళనీళ్ళాగలేదు.

అయినా ఫైనల్లో కనెక్టికట్ మనల్ని 75-60తో ఓడించింది. ఎలాగో చూడు. వాళ్ళ దగ్గర డొనోవన్ క్లింగన్ అని 7 అడుగుల 2 అంగుళాలవాడున్నాడు. ఈడీని చాలావరకు ఒక్కడితోనే కాయించారు. "నువ్వు కొట్టుకో బాబూ" అన్నట్టు వదిలేశారు. ఈడీ 37 కొట్టాడు. కానీ మూలల్లో ఉన్నవాళ్ళను ఒక్క అడుగు కూడా వదల్లేదు. ఏడాదంతా త్రీలతో బతికిన జట్టు ఆ రాత్రి ఏడే ఏడు త్రీలు వేసింది, ఒకటే పడింది. ఫెయిర్‌లీ డికిన్‌సన్ మూలలు వదిలి మధ్యను మూసింది. కనెక్టికట్ మధ్యను వదిలి మూలలు మూసింది. రెండు దార్లూ ఒక్క మనిషి చుట్టూ కట్టిన జట్టుకే తెరుచుకుంటాయి. నీ పేజీ రాసేటప్పుడు ఈ ప్రశ్న వేసుకో: నేనే అవతలి కోచ్‌నైతే వీళ్ళను ఎలా ఓడిస్తాను? దానికి జవాబు రాసేదాకా బలహీనతల గడి పూర్తయినట్టు కాదు.

ఈడీ వెళ్ళిపోయాక 2025లో ఇంకో రకం. బంతి మీద పట్టు బ్రహ్మాండం, స్మిత్ బిగ్ టెన్‌లోనే ఆ ఏటి మేటి ఆటగాడు. ట్రే కాఫ్‌మన్-రెన్ ఆటకు ఇరవై కొట్టాడు. కానీ బుట్టకు కాపలా కాసే పొడుగు మనిషి లేడు. ఆ చోటుకని తెచ్చిన 7 అడుగుల 4 అంగుళాల ఫ్రెష్‌మన్ సీజన్ రెండో ఆటలోనే కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇదిగో, దీన్ని దురదృష్టం అనొచ్చు. గాయాన్నీ లోపాన్నీ ఒకే గడిలో రాయకు. మార్చి టోర్నమెంటులో హ్యూస్టన్‌తో ఆట మా ఇండియానాపోలిస్‌లోనే కాబట్టి నేను స్టాండ్స్‌లో ఉన్నాను. అరనిమిషం మిగిలుండగా త్రీతో 60-60 చేశాం. చివర్లో రెండు సెకన్ల చిల్లర మిగిలింది, వాళ్ళు బంతి బయటి నుంచి లోపలికి వేశారు, వేసినవాడికే తిరిగి అందింది, బుట్ట కింద లేఅప్. 62-60. నా పక్కనున్న పెద్దాయన నల్ల-బంగారు రంగు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఇంకో చిన్న సంగతి, మీ రూమ్మేట్లతో వాదన వస్తుంది కాబట్టి. వీళ్ళు పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. నీకంటే చిన్నవాళ్ళు. "ఫలానావాడి చేతిలో బంతి నిలవలేదు" అని రాయొచ్చు, "పనికిరాడు" అని రాయకూడదు. ఫెయిర్‌లీ డికిన్‌సన్ రోజున నేను లోయర్ గురించి ఇంట్లో కొన్ని మాటలన్నాను. ఏడాది తిరగకుండా ఆ అబ్బాయే మనల్ని ఫైనల్‌కు తీసుకెళ్ళినవాళ్ళలో ఒకడయ్యాడు. ఆ మాటలు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

శనివారం ఆటకు నీకు స్టూడెంట్ టికెట్ ఉందన్నావు. పెయింట్ క్రూ అనే స్టూడెంట్ల గుంపు మధ్యలో నిలబడితే పుస్తకం తెరవడం కుదరదు, అక్కడ అరువు, గొంతు పోయేదాకా అరువు. ఆదివారం రికార్డింగ్ పెట్టుకుని నాలుగు గళ్ళూ నింపు. ఆ పేజీ మళ్ళీ రాసి నాకు పంపు. లక్ అన్న లైను కొట్టేసి దాని కింద మూడు లైన్లు రాయి. నేను అదే ఆట ఇక్కడ నా పుస్తకంలో రాస్తాను, రాత్రి ఫోన్లో రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆట మళ్ళీ వేసుకుందాం.

ప్రేమతో,
పెదనాన్న