ఐసీయూలో చేరబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

హైదరాబాద్‌లో నీకు ఐసీయూలో నర్సుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. సంతోషంతో ఏడ్చేసింది పిచ్చిది. నాకూ గర్వంగానే ఉంది గానీ, అంతకు రెట్టింపు టెన్షన్‌గా ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చేతులు కడుక్కో, గోళ్లు పెంచకు, అలారం మోగితే ముందు మనిషిని చూడు, తర్వాత మిషన్ని చూడు. ఇవి కాలేజీలో చెప్పే ఉంటారు. వెంటిలేటర్, మందులెక్కించే పంపులు, ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్ లాంటి వాయువుల పరీక్ష) రిపోర్టులు కూడా కొన్నాళ్లకి వాటంతట అవే వస్తాయి, నేర్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఒళ్లు తుడవడం, నోరు శుభ్రం చేయడం, పక్కకి తిప్పడం, విరేచనమైతే కడగడం, ఇవే "ఆయా చూసుకుంటుందిలే" అని వదిలేస్తారు. నువ్వు వదలకు. ఆయాని సాయం పిలువు, కానీ పని నీది. దుప్పటి తీసి ఒళ్లు తుడిచేటప్పుడే కదా కాలి వాపు, క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) దగ్గర ఎరుపు, వీపు మీద చెమటకి పొక్కిన చర్మం మన కంటపడేది!

నా భయమంతా వీపు గురించే. ఎందుకో చెప్తాను. నేను పనిచేసిన ఒక ఐసీయూలో విషం తాగిన ఒక రైతుని వెంటిలేటర్ మీద పెట్టారు. బీపీ నిలవడం లేదు, కదిలిస్తే పడిపోతుందేమోనని మొదటి రాత్రి ఎవరూ తిప్పలేదు. ఆ రాత్రి వరకు అది సరే అనుకుందాం. తర్వాత బీపీ నిలబడింది, బీపీ మందు డోసు కూడా తగ్గించారు, అయినా హ్యాండోవర్‌లో (డ్యూటీ దిగేవాళ్లు వచ్చేవాళ్లకి పేషెంట్ని అప్పగించేటప్పుడు) "అన్‌స్టేబుల్, కదపకండి" అనే మాట ఒక షిఫ్ట్ నుంచి ఇంకో షిఫ్ట్‌కి అలాగే పోయింది. మళ్లీ అడిగినవాళ్లు లేరు. ఇంకా ఘోరం ఏంటంటే, చార్టులో మాత్రం రెండు గంటలకోసారి "పొజిషన్ మార్చాం" అని టిక్కులు వరసగా ఉన్నాయి. నేను సెలవు నుంచి వచ్చి, బెడ్‌షీట్ మార్చడానికి ఆయన్ని పక్కకి ఒత్తిగిలిస్తే వెన్నెముక చివర అరచేయంత నల్లటి మచ్చ, ఒకేచోట నొక్కుకుని చర్మం చచ్చిపోయింది. వేలితో తాకితే గట్టిగా ఉంది. విషం నుంచి ఆయన బయటపడ్డాడు, ట్యూబ్ తీశారు, మాట్లాడాడు. కానీ ఆ పుండు కోసి శుభ్రం చేసి, రోజూ డ్రెస్సింగ్ చేస్తూ ఎంతకాలం ఉంచామో! ఆయన భార్య పొలం కౌలుకిచ్చేసి వరండాలోనే పడుకునేది. "బాగయ్యాడన్నారు కదమ్మా, మరి ఇదేంటి?" అని అడిగితే ఎవరం నోరెత్తలేకపోయాం.

కాబట్టి విను. కదపొద్దని ఎవరైనా అంటే ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడుగు, రౌండ్స్‌లో డాక్టర్ని మళ్లీ అడుగు. పూర్తిగా తిప్పలేకపోతే నెమ్మదిగా, కొద్దికొద్దిగా ఒరిగించు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదులు, తెల్లబడకపోతే ఒత్తిడి దెబ్బ మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో తడిమి చూడాలి. తల వెనక, చెవుల వెనక మాస్క్ తాడు కింద, పెదవి మూల ట్యూబ్ కట్టిన చోట, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఆనే ముక్కుపుటం, ఇవన్నీ చూడు. ఆడవాళ్లకి జుట్టు చిక్కు తీసి రెండు జడలు వెయ్యి, ఒక్కటే వేస్తే తల కింద ముడిలా నొక్కుతుంది. కాళ్లు వాచకముందే మెట్టెలు తీసి ఇంటివాళ్లకి ఇచ్చి సంతకం తీసుకో. చేయని పని చార్టులో రాశావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి చెవి మెలేస్తాను.

గాఢమైన మత్తులో ఉన్నవాళ్లు రెప్ప వేయలేరు, కళ్లు సగం తెరుచుకుని ఉంటే నల్లగుడ్డు ఎండి పుండవుతుంది. శుభ్రం చేసి, డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ వేసి, రెప్పలు మూసి ఉన్నాయో లేదో చూడు. నోటికి చిన్న మెత్తటి బ్రష్ వాడు. ఒకప్పుడు మేం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందు పూసి పనైపోయిందనుకునేవాళ్లం, 2022లో అమెరికా నిపుణుల సంఘాలు అది వద్దని, బ్రష్షే చేయమని చెప్పాయి. మీ యూనిట్లో ఏం పాటిస్తున్నారో అడుగు. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచు.

అన్నిటికంటే ముందు, చేయి వేసే ముందు చెప్పు. "పెద్దాయనా, ఇటు తిప్పుతున్నాం, భయపడకండి" అను. మత్తులో ఉన్నా కొందరికి వినిపిస్తుంది. కర్టెన్ లాగకుండా బట్ట తీయకు, ఎంత హడావిడిలో ఉన్నా సరే. ట్యూబ్ తీసిన చాలామంది మొదట అడిగేది మంచినీళ్లు. తాగనివ్వకూడని టైమైతే కారణం చెప్పి, తడి గాజ్‌తో పెదవులు తడుపు, ఊరికే విసుక్కోకు.

ఒక్కదానివే ఎవర్నీ ఎత్తకు తల్లీ. డ్రా షీట్ (పేషెంట్ నడుం కింద అడ్డంగా పరిచే దుప్పటి) పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి జరపండి, మోకాళ్లు వంచు. నా నడుం సంగతి నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నావు కదా. ఇద్దరు ముగ్గురు సీరియస్ పేషెంట్లని నీ ఒక్కదానికే ఇచ్చిన రోజులూ ఉంటాయి. అప్పుడు ఏది చేయలేకపోయావో హ్యాండోవర్‌లో దాచకుండా చెప్పు, వచ్చే షిఫ్ట్ వాళ్లు చేస్తారు. అన్నం మానకు. నైట్ డ్యూటీల లిస్టు రాగానే మీ అమ్మకి పంపు, లేకపోతే ప్రతి రాత్రీ మేలుకునే ఉంటుంది.

మీ పెద్దమ్మ