స్పోర్ట్స్ కారులో పిల్లల్ని స్కూలు నుంచి తేవచ్చా? వైజాగ్‌లో మా అనుభవం

"వైజాగ్‌లోనే ఉంటాం, ఇద్దరు పిల్లలు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఒకటి నచ్చింది. స్కూలు నుంచి పిల్లల్ని తేవడానికి పనికొస్తుందా, జనం నవ్వుతారా?" అని అడిగారు. నవ్వుతారండీ, మొదటి వారం. తర్వాత ఎవరి పనులు వాళ్లకుంటాయి.

నేను మర్చంట్ నేవీలో ఇంజినీర్ని. అయిదారు నెలలు ఓడ మీద, మూడు నెలలు ఇంట్లో. కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 2012 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4 కొన్నాను. రెండే సీట్లు. బటన్ నొక్కితే పైకప్పు మడతపడి డిక్కీలోకి పోతుంది. కొత్త ఎస్‌యూవీ కన్నా తక్కువకే వచ్చింది. (తెలంగాణ బండిని ఆంధ్ర నంబరుకి మార్చడం, ఎన్‌ఓసీ, లైఫ్ టాక్స్... అదో పెద్ద పురాణం, వేరే ఎవరైనా అడిగితే రాస్తాను.) బండి ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ అందులో కూర్చుని, "బావిలోకి దిగినట్టుందిరా, పైకి తాడేస్తావా?" అంది. మా ఆవిడ మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మనం నలుగురం కదా?" అంది. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

పిల్లల స్కూలు సిరిపురం చుట్టుపక్కల, ఇల్లు ఎంవీపీ కాలనీలో. మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. గేటుకి ముప్ఫై అడుగుల ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం అయితే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మా సందులోది ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన కాంక్రీటు గట్టులా పోసినట్టుంటుంది. ముందు చక్రాలు దాటాయి. పొట్ట దాటలేదు. రేకు గీరుకున్న చప్పుడుకి గేటు దగ్గరున్న తల్లులు, తాతలు, ఆటోవాళ్లు అందరూ ఒక్కసారి తలతిప్పారు. వెనకనుంచి ఒక ఆటో డ్రైవరు, "ఏటండీ బాబూ, నేల మీద పాకుతుందా ఇది?" అన్నాడు. లోపల వరండాలో లైన్లో నిలబడ్డ పిల్లలైతే చప్పట్లు కొట్టారు.

ఇలాంటి గట్టుని కాస్త ఏటవాలుగా ఎక్కాలి, ఒక్కో చక్రమే దాటేలా. ఖాళీ రోడ్డు మీద బాగానే ఉంటుంది. స్కూలు వదిలే టైములో మీరు బండి కొంచెం అడ్డంగా తిప్పగానే ఆ సందులోకి నాలుగు స్కూటీలు దూరతాయి. మూడు రోజులు కుస్తీపట్టి నాలుగో రోజు నుంచి ఆ గట్టుకి ఇవతలే, రెండు వందల మీటర్ల దూరంలో చెట్టు కింద ఆపి నడిచి వెళ్తున్నాను. మీరు కూడా మొదటి రోజు నుంచే అలా చేయండి. గేటు దాకా బండి వెళ్లాలన్న మోజుంటే మాత్రం అది పిల్లల కోసం కాదు, మన కోసం.

గేటు దగ్గర ఇంకో ఇబ్బంది, ఈ బండికి మూతి పొడుగు. రెండు స్కూలు బస్సుల మధ్య నుంచి బయటికి రావాలంటే, నాకు రోడ్డు కనబడేసరికి నా బానెట్ అప్పటికే రోడ్డు మీద ఉంటుంది. వెనక్కి తీయడం ఇంకా ఘోరం. పైకప్పు మూసి ఉంటే వెనక అద్దంలో కనిపించేది గుప్పెడు ఆకాశం. పిల్లలు తిరిగే చోట బండి దిగి వెనక చూసుకోకుండా నేను రివర్స్ గేరు వేయను. ఒక్క సంగతి మాత్రం వేరే ఏ బండిలోనూ తెలియలేదు. సీటు ఎంత కిందకి ఉంటుందంటే, పక్కనుంచి వెళ్లే ఒకటో తరగతి పిల్ల మొహం సరిగ్గా నా మొహానికి ఎదురుగా వస్తుంది. వాళ్లకి రోడ్డంతా చక్రాలూ బంపర్లేనని అక్కడ కూర్చుంటేనే తెలిసింది. మా బావమరిది ఎత్తైన ఎస్‌యూవీ తోలినప్పుడు, బానెట్ ముందు పిల్లాడు నిలబడితే తల కూడా కనిపించలేదు.

కుర్రాళ్లు చుట్టూ చేరతారు. తొమ్మిదో తరగతి వాళ్లు, "అంకుల్, ఒక్కసారి రేస్ చెయ్యండి అంకుల్" అని వెంటపడతారు. ఒకసారి చేశాను. పక్క ఆటోలో నిద్రలో తూగుతున్న ఎల్‌కేజీ బాబు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. వాడి బాటిల్ కింద పడింది. నేను దిగి ఏరి ఇచ్చాను, ఆటో డ్రైవరు నన్ను చూసిన చూపు మీరు చూడాల్సింది. మళ్లీ ఎవరడిగినా చెయ్యలేదు.

ఇక ముఖ్యమైనది, సీటు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టడమే క్షేమం. రెండు సీట్ల బండిలో ఆ అవకాశం లేదు కాబట్టి ఉన్నదాంట్లో జాగ్రత్తపడాలి. మా వాడు యూకేజీ. వాడికి ముందుకి తిరిగి ఉండే చైల్డ్ సీటు పెట్టాను, బండి సీటుని ఎంత వెనక్కి పోతే అంత వెనక్కి జరిపాను, ఆ పక్క ఎయిర్‌బ్యాగ్‌ని తాళంతో ఆపాను. మీరు చూసిన బండిలో ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్ ఉందో లేదో కొనక ముందే చూడండి. పసిపిల్లల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది కదా, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా దాన్ని ముందు సీట్లో పెట్టడం ప్రాణాంతకం. పాప మూడో తరగతి. ఆమెకి బూస్టర్ (పిల్లల్ని కాస్త ఎత్తులో కూర్చోబెట్టే పీట లాంటి సీటు) చాలు, కానీ బెల్టు మెడ మీదుగా కాక భుజం మీదుగా పోవాలి, కింది పట్టీ పొట్ట మీద కాక తొడల మొదట్లో ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకుండా తోలితే వెయ్యి రూపాయలు ఫైను.

"ఇద్దర్నీ ఒకే సీట్లో సర్దేస్తే?" అని మీ మనసులో ఉండే ఉంటుంది, నా మనసులోనూ వచ్చింది. వద్దు. ఒకే బెల్టులో ఇద్దరుంటే బ్రేకు పడినప్పుడు ఒకరి బరువు ఇంకొకరి మీద పడుతుంది. సందు చివరి దాకే కదా అని మొదలై బీచ్ రోడ్డు దాకా పోతుంది అది.

అదృష్టం ఏమిటంటే మా పిల్లలిద్దరికీ స్కూలు ఒకే టైముకి వదలరు. బాబుకి పన్నెండున్నర, పాపకి మూడున్నర. అందుకని రెండు ట్రిప్పులు. పెట్రోలు దండగ అని మా నాన్న గొణిగాడు. నాకూ మొదట అలాగే అనిపించింది.

ఓడ దిగి ఇంటికొచ్చిన మొదటి పది రోజులు మా పిల్లలు నన్ను చుట్టంలా చూస్తారు. మంచినీళ్లు ఇస్తారు, అడిగిందానికి జవాబు చెప్తారు, అసలు కబుర్లన్నీ వంటింట్లో వాళ్లమ్మతోనే. నలుగురం కలిసి ఉంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరిదీ వినబడదు. యాక్టివా మీద వెనక కూర్చుంటే గాలి హోరులో మాటే ఉండదు. ఈ బండిలో ఒక్కరే ఉంటారు. నా మొహం చూడక్కర్లేదు, రోడ్డు చూస్తూ మాట్లాడొచ్చు.

బాబుతో పాండురంగాపురం డౌన్ దిగి బీచ్ రోడ్డు ఎక్కుతాం. కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికి రాగానే వాడికి రోజూ ఒకటే ప్రశ్న, అది ఎందుకు కదలదు అని. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి రిటైర్ అయిందిరా, 2002 నుంచి ఇలా ఇసుక మీద మ్యూజియంగా ఉంది అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి నువ్వెప్పుడు రిటైర్ అవుతావు?" అన్నాడు. ఇంకోరోజు ఓడకి హారన్ ఉంటుందా అన్నాడు. ఉంటుంది, అయిదు పొట్టి కూతలు వెంటవెంటనే కూస్తే "నువ్వేం చేస్తున్నావో నాకర్థం కావట్లేదు" అని ఎదుటి ఓడకి చెప్పడం అన్నాను. అదే పొరపాటు. ఇప్పుడు ఎవరైనా రాంగ్ రూట్లో వస్తే చాలు, నోటితో పామ్, పామ్, పామ్, పామ్, పామ్. పైకప్పు తీసి ఉన్నప్పుడు పక్క బైకు మీదున్న కానిస్టేబులు గారికి కూడా వినబడింది.

పాప వేరే రకం. లాసన్స్ బే దాకా ఒక్క మాట ఉండదు. ఒక శుక్రవారం ఇంటికి తిప్పకుండా నేరుగా తెన్నేటి పార్కు దాకా పోనిచ్చాను. దూరంగా సముద్రంలో లంగరేసిన ఓడలు నాలుగైదు నిలబడి ఉన్నాయి, పోర్టులో చోటు కోసం ఆగే ఓడలు. అటే చూస్తూ, "నాన్నా, ఆ ఎర్ర ఓడ నీది కాదని మా క్లాసులో ఎవరికీ చెప్పకు" అంది. నేను లేని నెలల్లో బీచ్‌కి వెళ్లినప్పుడల్లా ఏదో ఒక ఓడ చూపించి అదే మా నాన్నది అని చెప్పుకుందట. మరి అంత దగ్గరలో ఉంటే ఇంటికెందుకు రాడు అని ఒక పిల్ల అడిగితే, అలలు తగ్గాలి అందట. ఇప్పుడు నేను రోజూ గేటు దగ్గర కనిపిస్తున్నాను కాబట్టి కథ ఎలా ముగించాలో తెలియక నాలుగు రోజులుగా నలుగుతోంది. సోమవారం ఆ పిల్లే గేటు దగ్గర నన్ను ఆపి, "అంకుల్, మీ ఓడ ఇంకా అక్కడే ఉందా?" అంది. పాప నా చొక్కా అంచు పట్టుకుంది. "పెయింటింగ్ అవుతోందమ్మా" అన్నాను.

సరే, మీ ప్రశ్నకి వస్తాను. పైకప్పు తీసి తిరగడం అనే సరదా వైజాగ్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ నాలుగు దాటాకే. ఒంటిపూట బడులు మొదలయ్యాక మిట్టమధ్యాహ్నం ఎండలో నల్ల లెదరు సీటు పెనంలా ఉంటుంది, బెల్టు బకిల్ పిల్లల చేతికి చురుక్కున అంటుకుంటుంది. నేను బకిల్ మీద తువ్వాలు కప్పి వెళ్తాను. బ్యాగుల సంగతి కూడా చూసుకోండి. నా బండిలో పైకప్పు మూసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తెరిస్తే ఆ మడత అందులోకే దిగి 180 మిగులుతుంది. స్కూలు బ్యాగు, లంచ్ బ్యాగు, ఆ రోజు క్రాఫ్ట్ క్లాసులో చేసిన థర్మోకోల్ ఇల్లు ఉంటే పైకప్పు తీయడం కుదరదు. ఇల్లు నలిగితే ఆ సాయంత్రం మీకు బీచ్ లేదు.

ఉప్పు గాలి మరో తలనొప్పి. ఓడ మీద తుప్పుతో పోరాడి ఇంటికొచ్చి మళ్లీ అదే పని. బీచ్ రోడ్డు మీద తిప్పిన వారం చివర అడుగుభాగం మంచినీళ్లతో కడిగిస్తాను, పైకప్పు రబ్బరు అంచులు తుడుస్తాను. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లయితే కవరు ఒక్కటే చాలదు, షెడ్డు ఉండాలి.

మీ పిల్లలిద్దరికీ ఒకేసారి స్కూలు వదిలేటట్టయితే రెండు సీట్ల బండి జోలికి వెళ్లకండి. వెనక చిన్న సీట్లున్న ఫోర్డ్ ముస్టాంగ్, ఆడి టీటీ లాంటివి పాతవి దొరుకుతాయి, పిల్లల మోకాళ్లు పడతాయో లేదో వాళ్లని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడండి, కొలతల కాగితం నమ్మకండి. వేరే వాళ్ల పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నల్ని అడగకుండా ఎక్కించుకోకండి. ఒకర్ని ఎక్కిస్తే క్లాసు మొత్తాన్నీ ఎక్కించాలి. నేను అడిగినవాళ్లందరికీ బండి ఆగి ఉన్నప్పుడు కూర్చుని పైకప్పు బటన్ నొక్కే ఛాన్సు మాత్రం ఇస్తాను. అదే వాళ్లకి ఎక్కువ.

మా ఇంట్లో ఇప్పుడు వారానికి రెండు రోజులే ఈ బండి, మిగతా రోజులు మా ఆవిడ యాక్టివా. వచ్చే జూన్‌లో బాబు ఒకటో తరగతికి వస్తాడు, ఇద్దరికీ ఒకే బెల్లు. ఆ సంగతి తెలియగానే పాప ఫ్రిజ్ మీద టైం టేబుల్ అంటించింది, బుధవారం తను, శుక్రవారం తమ్ముడు, రెండోవాళ్లు అమ్మతో స్కూటీ మీద. ఇన్నాళ్లూ శుక్రవారాలు తెన్నేటి పార్కు దాకా వెళ్లింది అక్క ఒక్కతే కాబట్టి ముందు తన బాకీ తీర్చాలని బాబు అంటున్నాడు. ఎన్ని శుక్రవారాలు అన్న లెక్క దగ్గర రాత్రి గొడవ ఆగింది.