ఊళ్లో కూలీలుండగా వలస కూలీలు ఎందుకు?

ప్రశ్న సబబే. గుంటూరు, పల్నాడు మిర్చి చేల సంగతి చూస్తే జవాబు దొరుకుతుంది. అక్కడ కాయ పండిందంటే అందరి చేలూ ఒకేసారి కోతకొస్తాయి. అదంతా చేత్తో కోయాల్సిందే, అదీ రెండు మూడు విడతలు. ఆలస్యమై వాన పడితే రంగు పోయి తాలుకాయ పెరుగుతుంది, రేటు పడిపోతుంది. ఊళ్లో ఉన్న కూలీలు ఏ మూలకీ చాలరు.

అప్పుడు దిగేది కర్నూలు పడమటి మండలాల వాళ్లు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వర్షాధార పొలాలే ఎక్కువ. ఖరీఫ్ అయిపోతే పనుండదు. బియ్యం, గిన్నెలు, పిల్లలతో బండ్లెక్కి ‘సుగ్గి’కి, అంటే కోతల వలసకి బయల్దేరతారు, చేల పక్కనే గుడారాలు వేసుకుంటారు. కూలి ఎక్కువగా కిలోల లెక్కన కాబట్టి ఇంటిల్లిపాదీ కోస్తేనే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఆ డబ్బుతో సొంతూళ్లో అప్పులు తీరతాయి, పెళ్లిళ్లవుతాయి. మిర్చి ఊళ్లలోనేమో కిరాణా కొట్లకు గిరాకీ.

‘వీళ్లొస్తే మా కూలి రేటు పడిపోతుంది’ అని స్థానికులు గొణుగుతారు. మామూలు రోజుల్లో అయితే అది నిజమే కావచ్చు. కోతల అదనులో మాత్రం ఎంతమంది వచ్చినా పని ఉంటుంది.

నా దృష్టిలో అసలు నష్టం పిల్లల చదువుకే. వలసెళ్లే వాళ్ల పిల్లలు ఉండి చదువుకోవడానికి సొంతూళ్లో సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు గానీ, ఆడపిల్లను వదిలి వెళ్లడానికి చాలామంది తల్లులకు ధైర్యం చాలదు. పైగా గుడారం దగ్గర చంటిపిల్లను ఎత్తుకోవడానికి ఆ పిల్లే కావాలి.