సమాధానం: నార్మండీలో ఆ రోజు జర్మన్ ట్యాంకులు ఎక్కడున్నాయి?

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల (బ్రిటన్, అమెరికా తదితర దేశాల) సైన్యాలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన రోజు గురించి మీ అబ్బాయి చేస్తున్న ప్రాజెక్టులో ఒకచోట “జర్మన్లకు ట్యాంకులు లేవు”, మరోచోట “చాలా ఉన్నాయి” అని ఉండటంతో ఏది రాయాలో తెలియడం లేదన్నారు కదండీ. ట్యాంకులు ఉన్నాయి. కానీ వాటిని కదిలించే అధికారం ఒకరి చేతిలో లేదు.

ఆ తీరం రక్షణ చూసే జర్మన్ సేనాని రోమెల్ వాదన ఏమిటంటే, శత్రువును తీరం ఇసుకలోనే ఆపాలి, ట్యాంకులు తీరం పక్కనే ఉండాలి. పగలు రోడ్డెక్కితే మిత్రపక్షాల విమానాలు బతకనివ్వవని ఆఫ్రికాలో ఆయన స్వయంగా చూశాడు. ట్యాంకు దళాల సేనాని గేయర్ ఫాన్ ష్వెపెన్‌బర్గ్ మాత్రం వాటిని వెనక ఒకచోట ఉంచి, ఒక్కసారిగా కొట్టాలన్నాడు. హిట్లర్ ఇద్దరికీ కొంత కొంత పంచాడు. నా దృష్టిలో అసలు తప్పు అదే. ఏ పథకమైనా పూర్తిగా అమలైతేనే పనికొస్తుంది.

దాడి జరిగిన 1944 జూన్ 6న రోమెల్ తన భార్య పుట్టినరోజుకని జర్మనీలో ఉన్నాడు. దాడి జరిగిన తీరానికి దగ్గర్లో, కాన్ పట్టణం పరిసరాల్లో ఉన్నది 21వ పంజర్ (ట్యాంకు) డివిజన్ ఒక్కటే. వెనక ఉన్న 12వ ఎస్‌ఎస్, పంజర్ లేర్ అనే మరో రెండు ట్యాంకు డివిజన్లకు కదలడానికి హిట్లర్ అనుమతి సాయంత్రం నాలుగు ప్రాంతంలో గానీ రాలేదు. ఆ సాయంత్రం 21వ డివిజన్‌లో కొందరు మిత్రపక్షాలు దిగిన సోర్డ్, జూనో అనే బీచ్‌ల మధ్య సముద్రం దాకా వెళ్లారు కూడా! తలమీదుగా మిత్రపక్షాల సైనికులను మోసుకొచ్చే గ్లైడర్లు (ఇంజన్ లేని విమానాలు) వచ్చేసరికి, వెనక దారి మూసుకుపోతుందనే భయంతో తిరిగొచ్చేశారు.

కాబట్టి “ట్యాంకులు లేవు” అన్న వాక్యం కొట్టేసి, “సమయానికి అందలేదు” అని రాయించండి.