బొమ్మల కథలు చేయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కథ నువ్వే రాసి బొమ్మలూ నువ్వే వేస్తానన్నావు. చాలా సంతోషం. రెండు పనులూ ఒకే చేతిలో ఉంటే రాయక్కర్లేనిది ధైర్యంగా వదిలెయ్యొచ్చు. పాప గౌను ఎర్రదని రాయకు, బొమ్మలో కనిపిస్తూనే ఉంటుంది. మీ కర్నూలు మాట ‘బుడ్డలు’ అలాగే ఉంచు. పక్కన వేరుశనక్కాయలు గీస్తే శ్రీకాకుళం పిల్లలకైనా తెలిసిపోతుంది. ఐదారేళ్ల వాళ్లకైతే జోడు పేజీకి (పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండు పేజీలకు) పాతిక మాటలు దాటనివ్వకు.

రంగులు కలిపే ముందు డమ్మీ, అంటే పుస్తకానికి నమూనా, కట్టుకో. నాలుగు ఏ4 కాగితాలు దొంతరగా పెట్టి మధ్యకు మడిస్తే 16 పేజీలు. 1లో పేరు, 2లో హక్కుల వివరాలు పోగా కథకు మిగిలేవి 3వ పేజీ, ఆరు జోడు పేజీలు, చివర 16వ పేజీ. ఇలా మడత మీద పిన్ను కొట్టే సెంటర్ పిన్ను పుస్తకంలో 8, 9 పేజీలు మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చవుతాయి. అన్నిటికంటే పెద్ద బొమ్మ అక్కడ పడేలా కథను సర్దుకో. మిగతా జోడుల్లో రెండు సగాలూ విడివిడిగా అచ్చయి బైండింగులో కలుస్తాయి కాబట్టి అతుకు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఎక్కడా మడత మీదికి మొహం రానివ్వకు. బొమ్మను కోత అంచు దాటి చుట్టూ 3 మి.మీ. పొడిగించు (దీన్నే బ్లీడ్ అంటారు), ముఖ్యమైనదేదైనా కోత అంచుకు 10 మి.మీ. లోపలే ఉంచు.

ప్రతి పాత్రనూ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీసి గోడకు అంటించుకో. కంప్యూటర్లో బొమ్మను అద్దంలోలా తిప్పేసే అలవాటు మాత్రం వద్దు. అమ్మమ్మ పైట కుడి భుజం మీదికి పోతుంది, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. రామచిలుక పచ్చ, కనకాంబరం రంగు తెర మీద ఉన్నంత మెరుపుతో అచ్చులో రావు. కథ ఆ రంగు మీదే ఆధారపడితే ముందుగా ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించి చూసుకో.

అక్షరాల దగ్గరే ఎక్కువ పుస్తకాలు పాడవుతున్నాయి. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు. బొమ్మలో ఖాళీ సరిపోక వరుసలు ఇరికిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. 18 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య 28 నుంచి 30 పాయింట్లు ఇవ్వు. ఆ చోటు పెన్సిల్ దశలోనే వదలాలి. రంగుల అచ్చులో నాలుగు సిరాలకు నాలుగు ప్లేట్లు ఉంటాయి. అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగులూ కలిపిన నలుపైతే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ఒత్తులు అలుక్కుపోతాయి. నలుపు విడిగా ఉంటే ఇంకో లాభం: అదే పుస్తకం కన్నడంలో వేయాలంటే ఆ ఒక్క ప్లేటే మారుతుంది. అందుకే దుకాణం బోర్డు మీది పేరు కూడా బొమ్మలో కలిపేయకుండా వేరే లేయరులో (కంప్యూటర్లో విడి పొరగా) రాయి. టైపు యూనికోడ్ ఫాంటులోనే చేయించు. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్ల ఫైలు రేపు ఈ-బుక్కుకు పనికిరాదు.

ఇక డబ్బు, హక్కుల సంగతి. సొంతంగా రాసిన కథకు మొదటి హక్కుదారువి నువ్వే. కానీ డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగుకు, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి బొమ్మల హక్కు నీదేనని కాగితం మీద రాయించుకో, ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని కూడా. హక్కు బదిలీ చేస్తే ఏ భాషకు, ఎన్నేళ్లకు, ఏ రూపానికి అన్నది విడివిడిగా రాయాలి. కాలం రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లు. పారితోషికం మూడు వంతులుగా అడుగు: ఒప్పుకున్నప్పుడు, పెన్సిల్ బొమ్మలు ఇచ్చినప్పుడు, రంగులు పూర్తయ్యాక. పెన్సిల్ దశలో రెండుసార్లు మార్పులు చేసిపెట్టు, రంగులు వేశాక అడిగే మార్పుకు వేరే డబ్బు. ప్రథమ్ బుక్స్ వారి ఉచిత పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో పెడితే పాఠకులు బాగా దొరుకుతారు, అయితే అక్కడి సీసీ బై అనే ఉచిత వాడకపు లైసెన్సు ప్రకారం ఎవరైనా నీ పేరు వేసి ఆ కథను అమ్ముకోవచ్చు కూడా. తెలిసే పెట్టు.

డమ్మీ అయ్యాక ఫోటోలు తీసి పంపు. ప్రచురణకర్త ఇచ్చే ఒప్పందం కూడా సంతకానికి ముందే పంపితే గీతలు పెట్టి వెనక్కిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న