ఇంగ్లీషులో రాసేటప్పుడు వృత్తి పరిభాష వాడవచ్చా? డిశ్చార్జి సమ్మరీలు రాసిన అనుభవంతో ఒక సమాధానం

వృత్తి పదాలు ఎక్కువగా వాడితేనే ఇంగ్లీషు రాతకు హుందాతనం వస్తుందా, లేక వాటిని తగ్గించుకోవాలా అని మీరు అడిగారు. హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా డిశ్చార్జి సమ్మరీలు, అంటే రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే వైద్య వివరాల కాగితాలు, తయారుచేస్తున్నాను కనుక, నాకు బాగా తెలిసిన ఆ కాగితం గురించే చెబుతాను.

జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఇంటికి పంపేటప్పుడు సమ్మరీలో నొప్పి మాత్రకు ఎదురుగా 'ఎస్‌ఓఎస్' అని రాశాను. అవసరమైతేనే వేసుకోమని దాని అర్థం. అది లాటిన్ నుంచి వచ్చిన పొట్టి రూపం. డిగ్రీ చదువుతున్న ఆయన కూతురు మాత్రం దాన్ని ఓడలు ఆపదలో ఉన్నప్పుడు పంపే సంకేతంగా తీసుకొని, ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ మాత్ర వేయకూడదని అనుకుంది. ఆయన రెండు రాత్రులు నొప్పితో కంటి మీద కునుకు లేకుండా గడిపాడు. కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజున, "మీరే కద సార్ ఇట్ల రాసింది" అంటూ ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించిన గడి నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

అలాగని పరిభాషను తప్పుపట్టలేను. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో మరో డాక్టరు చదవవలసిన చోట 'ఇన్‌ఫీరియర్ వాల్ ఎంఐ' అని రాస్తే, గుండెపోటు వచ్చిందన్న సంగతితో పాటు గుండె కండరంలో ఏ వైపు దెబ్బతిన్నదో కూడా తెలుస్తుంది. దాన్ని ఉత్త 'గుండెపోటు'గా మారిస్తే ఆ డాక్టరుకు కావలసిన సగం సమాచారం పోతుంది.

నా అనుభవంలో, నోరు తిరగని పదాలకన్నా తెలిసినట్టు కనిపించే పదాలే ఎక్కువ ప్రమాదకరం. 'కోలిసిస్టెక్టమీ' (పిత్తాశయాన్ని తీసివేసే ఆపరేషన్) అని ఉంటే అర్థం కాలేదని చదివేవారికే తెలుస్తుంది, ఎవరినో ఒకరిని అడుగుతారు. 'అక్యూట్' అని ఉంటే మాత్రం జబ్బు తీవ్రంగా ఉందని నిశ్చయించుకొని ఊరుకుంటారు. వైద్యంలో అది ముఖ్యంగా హఠాత్తుగా మొదలైనదని చెప్పే మాట. 'క్రానిక్' అంటే ముదిరిపోయిందని భయపడతారు; చాలాకాలంగా ఉన్నదని మాత్రమే దాని అర్థం. స్కానింగ్ రిపోర్టులో 'అన్‌రిమార్కబుల్' అన్నది చెప్పుకోదగ్గ లోపమేదీ కనిపించలేదన్న శుభవార్త అని ఎంతమందికి తెలుస్తుంది?

బ్రిటన్‌లో డాక్టర్ల వృత్తి సంస్థల ఉమ్మడి వేదిక అయిన అకాడమీ ఆఫ్ మెడికల్ రాయల్ కాలేజెస్ 2018లో, ఔట్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకొని వెళ్లే రోగుల) ఉత్తరాలను నేరుగా రోగినే ఉద్దేశించి రాయమని డాక్టర్లకు సూచించింది. 'బీడీ' వంటి లాటిన్ పొట్టి రూపాలకు బదులు రోజుకు రెండుసార్లని మామూలు ఇంగ్లీషులో రాయమన్నది. ఆ కూతురు వచ్చి వెళ్లాక నేను చేసిన మార్పు కూడా ఇలాంటిదే. రోగ నిర్ధారణ, ఆపరేషన్ వివరాలు డాక్టర్ల భాషలోనే ఉంచి, మందుల పట్టికను, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పే భాగాన్ని పూర్తి మాటల్లో, కింద తెలుగుతో సహా రాస్తున్నాను.

కనుక మీరు రాసేదాన్ని మీ విభాగంవారే చదివేటట్టయితే పరిభాషను నిస్సంకోచంగా వాడండి. బయటివారికి కూడా వెళ్లేదైతే, వారు చేయవలసిన పనిని చెప్పే వాక్యాలను ముందుగా విడదీసి, వాటిలో పొట్టి అక్షరాలు ఒక్కటి కూడా మిగలకుండా చూడండి.